ముందు బొమ్మకు ముద్ద

కథను ఎవరైనా మార్చి చెప్పుకోవచ్చు. దానికి నాకు కోపం లేదు. నేనే ఎన్ని సార్లు మార్చానో లెక్క లేదు. నా కోపమంతా ఆ కథలోని ఒక్క ముద్ద గురించి. దాన్ని తీసేసిన వాళ్ల మీద కోపం. తర్వాత దాన్ని పెట్టకూడని చోట పెట్టి, చప్పట్లు కొట్టించుకున్న వాళ్ల మీద ఇంకా కోపం. ఇంత చిన్నదానికా అని అడుగుతారు. అవును, ఇంత చిన్నదానికే.

ఆ కథ నాకు ఐదో తరగతిలో దొరికింది. మా ఊరు రాయచోటికి అవతల. మా అయ్యవారి దగ్గర రష్యావాళ్లు తెలుగులో అచ్చేసి పంపిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. ఆ అట్ట మీద చెయ్యి పెడితే జారేది. ఆయన అందులోని కథ మాకు రెండు సార్లు చదివాడు. మూడోసారి చదివే లోపల నేను బడి మానేసి శనక్కాయ చేనికి పోయాను. నాకు చదువు అంతే. కానీ చెవిలో పడింది ఏదీ బయటికి పోదు, అది మా అమ్మ ఇచ్చిన గుణం.

కథ ఇదీ. ఒక తల్లి చచ్చిపోతూ కూతురి చేతిలో చిన్న బొమ్మ పెడుతుంది. "దీన్ని ఎవరికీ చూపించొద్దు. కష్టం వచ్చినప్పుడు ముందు దీనికి తినడానికి పెట్టు. అది తిన్నాక నీ కష్టం చెప్పుకో" అంటుంది. తర్వాత సవతి తల్లి వస్తుంది. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, నిప్పు తెమ్మని ఆ పిల్లను అడవిలోకి తరుముతుంది. అడవిలో కోడికాళ్ల మీద నిలబడిన గుడిసె, అందులో మనుషుల్ని తినే ముసలమ్మ. "పని చేస్తే నిప్పు ఇస్తా, చేయకపోతే నిన్నే తింటా" అంటుంది. వాకిలి ఊడ్వాలి, వంట చేయాలి, పుచ్చు గింజల్ని మంచి గింజల నుంచి ఏరాలి, మట్టిలో కలిసిన గసగసాలను ఒక్కొక్కటి తీయాలి. అన్నీ తెల్లారేసరికి. ఆ పిల్ల తన కంచంలోది తాను తినకుండా దాచి బొమ్మకు పెడుతుంది. బొమ్మ తింటుంది. దాని కళ్లు మిణుగురుల్లా వెలుగుతాయి. "నువ్వు పడుకో తల్లీ, నేను చూసుకుంటా" అంటుంది. తెల్లారేసరికి పని అయిపోయి ఉంటుంది. ఆఖరికి ముసలమ్మ ఒక పుర్రెలో నిప్పు పెట్టి ఇచ్చి పంపిస్తుంది. ఆ పుర్రె కళ్లు సవతి తల్లిని చూసిన చూపుకు ఆమె బూడిదవుతుంది.

అయ్యవారి పుస్తకంలో గోధుమలు ఉంటే నేను కొర్రలు చేశాను. రొట్టెను సంగటి ముద్ద చేసి, దాని మీద ఊరిబిండి పచ్చడి పెట్టాను. బొమ్మను ఓణీ కొంగులో కట్టాను. గసగసాలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి వాటి జోలికి పోలేదు. కానీ ఆ వరుసను ఎన్నడూ మార్చలేదు. ముందు ముద్ద, తర్వాత కష్టం చెప్పుకోవడం, ఆ తర్వాత పని. ఎందుకంటే అది రష్యావాళ్లు చెప్పక ముందే నాకు తెలుసు. మా అమ్మ చేనులో కలుపుకు నలుగురిని పిలిస్తే, గట్టు మీద కూర్చోబెట్టి సంగటి పెట్టేది. వాళ్లు తిని చేతులు కడుక్కున్నాకే ఏ సాలు ఎవరిదో చెప్పేది. తినకముందే పని చెప్పిన ఇంటికి మరుసటి రోజు ఎవరూ పోయేవాళ్లు కాదు. అంతే, దానికి తీర్పులూ పంచాయతీలూ అక్కర్లేదు.

పెద్దయ్యాక ఇంటిపనికి కువైట్ వచ్చాను. ఇప్పుడు పనిచేసే ఈ ఇంటికి నేను వచ్చేటప్పటికి చిన్న పాపకు ఎనిమిది నెలలు. ఇప్పుడు తొమ్మిదేళ్లు. నడక నేర్పింది నేను, నన్ను అక్కా అని పిలవడం నేర్పిందీ నేనే. పాప తిండి తినేది కాదు. గంటసేపు అన్నం బుగ్గన పెట్టుకుని కూర్చునేది. అందుకని ఈ కథ మొదలుపెట్టాను. నాది వంటింటి అరబ్బీ, మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. కొర్రలు పోయి బియ్యం వచ్చాయి, సంగటి పోయి ఖుబ్జ్ రొట్టె వచ్చింది. కథ మాత్రం నిలబడింది. బొమ్మకు తినిపించే చోటికి రాగానే పాప తన పళ్లెంలో నుంచి ఒక మెతుకు తీసి నా నోట్లో పెట్టేది. అప్పుడు బొమ్మను నేనే. నేను కళ్లు పెద్దవి చేసి చూస్తే, కిలకిలా నవ్వి తానూ ఒక ముద్ద మింగేది. అట్లా పళ్లెం ఖాళీ అయ్యేది.

పాప పెద్దదయ్యే కొద్దీ ఈ కథ ఇంట్లోకి వేరే దారుల్లో రావడం మొదలయింది. మొదట టాబ్లెట్‌లో. ఏదో దేశపు కార్టూన్. ఆ పిల్లకు జుట్టు ఎర్రగా, చేతిలో కత్తి. ముసలమ్మతో గాల్లో ఎగిరి ఎగిరి కొట్లాడుతుంది. బొమ్మే లేదు. గింజలు ఏరే పని వచ్చినప్పుడు చిటికె వేస్తుంది, గింజలు వాటంతట అవే కుప్పలు పడతాయి. చూసి నేను ఊరుకున్నాను. కార్టూన్‌లో పని కనబడదులే అనుకున్నాను.

తర్వాత పాప వాళ్ల అక్క, కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకునే పిల్ల, ఈ కథనే పెద్ద పెద్ద కాగితాల మీద వేసింది. కోడికాళ్ల గుడిసె ఎడారిలో ఇనుప కాళ్ల మీద నిలబడిన చమురు యంత్రం అయింది. ముసలమ్మకు నల్ల కళ్లద్దాలు. బొమ్మ స్థానంలో ఫోన్. "ఫోన్‌కు తినడానికి ఏం పెడుతుంది?" అని అడిగాను. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, "ఛార్జింగ్ పెడుతుంది కదా, అది లేకపోతే ఫోన్ పని చేయదు" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. ముద్ద అక్కడ ఉంది, వేరే రూపంలో ఉంది. అందుకే చెబుతున్నాను, నేను మార్పుకు అడ్డుపడే మనిషిని కాదు.

ఆ ఏడాదే సిటీలో పెద్ద హాలులో ఈ కథనే మాటలు లేని నాట్యంగా ఆడారు. పాపకు తోడుగా నన్ను తీసుకుపోయారు, బ్యాగులూ కోట్లూ పట్టుకోవడానికి. ఇరవై మంది తెల్ల బట్టల్లో గింజలుగా వచ్చారు. గిరగిరా తిరిగారు, విడిపోయారు, కలిశారు. ఎంత అందంగా ఉందంటే నేను కోట్లు ఒళ్లో పెట్టుకున్న సంగతి మరిచిపోయాను. కానీ ఆ గింజల్ని ఏరే చేతుల కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. గింజలకు నాట్యం ఉంది, ఏరిన చేతులకు లేదు. బొమ్మను ఒక దీపంలాగా పైనుంచి దించి, మళ్లీ పైకి లాగేశారు. దాని నోటికి ఎవరూ ఏమీ అందించలేదు.  

ఆ తర్వాత బడి నాటకం.

పాప చదివేది హవల్లీ అనే పేటలో. బడిలో ఈ కథను ఈ కాలానికి తగ్గట్టు నాటకం వేస్తున్నారనీ, తనే ఆ పిల్ల వేషమనీ ఎగురుకుంటూ వచ్చింది. నాకు గర్వం. ఈ కథను పాపకు ఇచ్చింది ఎవరు? మరుసటి రోజు నా యూనిఫామ్ ఒకటి చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నీలం చొక్కా, తెల్ల కాలర్ ఉన్నది.

"అక్కా, ఇది చిన్నదిగా కుట్టి ఇవ్వు. నా క్లాసు పిల్లకు సరిపోవాలి."

"ఎందుకు?"

"ఆ పిల్ల బొమ్మ వేషం."

"బొమ్మకు నా యూనిఫామ్ ఎందుకు?"

"పని చేసేది బొమ్మ కదా" అంది పాప, ఇంత తెలియదా అన్నట్టు.

సరే అనుకున్నాను. నిజానికి ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. కథలో అందరికన్నా బలమైనది ఆ బొమ్మే కదా, నా గుడ్డలు వేసుకుంటే తప్పేముంది. కత్తెర తీసుకుంటూ, "బొమ్మకు తినిపించే చోట నువ్వేం మాట్లాడతావు? చెప్పి చూపించు" అన్నాను.

"అది లేదు. టైం చాలదని టీచర్ తీసేసింది. పన్నెండు నిమిషాలే."

"మరి బొమ్మ పని ఎట్లా చేస్తుంది?"

పాప చూపించింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, రెండు సార్లు చప్పట్లు కొట్టి, "యల్లా! యల్లా!" అంది, తొందరగా రా అని. "అప్పుడు బొమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, గింజలు కింద పోసేసి, కాలు జారి పడుతుంది. అందరూ నవ్వుతారు" అంది.

ఆ చప్పట్లు కొట్టే తీరు నాకు తెలుసు. ఎనిమిదేళ్లుగా పక్క గదుల నుంచి వింటున్నదే. కత్తెర పక్కన పెట్టేశాను.

"బొమ్మకు ముందు తినిపిస్తేనే కుడతాను. లేకపోతే కుట్టను."

ఆ ఇంట్లో నేను ఒక పని చేయను అనడం అదే మొదటిసారి. పాప నమ్మలేదు. పరుగెత్తుకుంటూ పోయి వాళ్లమ్మను తీసుకొచ్చింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. మామా చేతిలో ఫోన్ ఉంది.

"ఏంటి గొడవ?"

"గొడవ కాదు మామా. కథలో ముందు బొమ్మకు తినిపిస్తుంది. అది తీసేస్తే కథ ఉండదు."

"నాటకం అది, నాటకం. పిల్లలు నవ్వుకోవడానికి."

"నవ్వుకోండి మామా. తినిపించి నవ్వుకోండి. ఒక్క రొట్టె ముక్క. అర నిమిషం పట్టదు."

మామా నన్ను కింది నుంచి పైకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అదే నాకు ఇంకా మండింది. మాట్లాడే ఫ్రిజ్‌ను చూసినట్టు చూసింది. "అంత పట్టింపు ఉంటే టీచర్‌తో మాట్లాడుకో" అంది నవ్వుతూ. నేను నిజంగా మాట్లాడతానని ఆమె అనుకోలేదు.

మాట్లాడాను. పాపను బడి నుంచి తీసుకురావడానికి పోయినప్పుడు, రిహార్సల్ గది గుమ్మం దగ్గర నిలబడి టీచరమ్మకు నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆమె ఓపికగా వింది. మధ్యలో రెండు సార్లు గడియారం చూసుకుంది. ఆఖరికి నా భుజం తట్టి, "చాలా బాగా చెప్పావు. కానీ ఇది మీ ఇండియా కథ కాదు, రష్యా కథ. నీకు తెలిసిన కథ వేరే ఏదో అయి ఉంటుంది" అంది.

నా నోటిదాకా వచ్చిన మాట ఇక్కడ రాయకూడదు. కానీ ఏమీ అనలేదు. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, వాళ్ల చేతిలో ఉన్న మనిషి మాటలు లోపలే అనుకుంటుంది. ఐదో తరగతి బెంచీ మీద కూర్చుని విన్న కథను, నలభై ఏళ్లు మోసుకుని తిరిగిన కథను, ఈమె నాది కాదంటుంది. నాది కాదు, ఒప్పుకుంటా. మరి నీది ఎట్లా అయింది తల్లీ?

కారులో మా డ్రైవర్ నా ముఖం చూసి పసిగట్టాడు. అతనిదీ మా రాయచోటి వైపే, సాయిబుల పిల్లోడు, ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

"ఏందక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు? ఎవురన్నా ఏమన్నా అన్యారా?"

జరిగింది చెప్పాను. అతను నవ్వాడు.

"వాళ్లు ఏమన్నా ఆడుకోనీలే. నీ సొమ్మేం బోయింది?"

"బొమ్మకు తిండి పెట్టకుండా పని చెప్తాండారురా."

"బొమ్మకు ఆకలైతాదా అక్కా?"

"నీకైతాదా?"

"నాకైతాది గదా."

"మరి వాళ్లకు నువ్వూ నేనూ బొమ్మా ఒగటే. గుడ్డలు గూడా నావే అడిగినారు, సూడు."

అతని నవ్వు ఆగింది. తర్వాత, "అట్ల జెప్తే నాకూ మండుతాంది గానీ, గమ్మునుండక్కా. లీవు దగ్గర పడింది నీకి" అన్నాడు. మంచికే చెప్పాడు. కానీ ఆ మాటతో నా కోపం అతని మీదికి కూడా తిరిగింది.

నేను కుట్టలేదు. మామా ఖలాస్, ఇక చాలు అని, ఫర్వానియాలో యూనిఫామ్‌లు అమ్మే కొట్టు నుంచి చిన్న సైజుది తెప్పించింది. నాది ఇస్త్రీ చేసి మళ్లీ అలమరాలో పెట్టుకున్నాను. గెలిచానా, ఓడిపోయానా అంటే నాకే తెలియదు. పాప మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తినేటప్పుడు కథ అడగలేదు. నేనూ చెప్పలేదు. కానీ ఆ పిల్లను చూసినప్పుడల్లా ఒకటే దిగులు. నాటకం పోతే పోయింది. నేను పెంచిన పిల్ల, నా నోట్లో మెతుకు పెట్టిన పిల్ల, చప్పట్లు కొట్టి పిలవడం నేర్చుకుంటోంది. అది నేర్చేసుకుంటే ఇక ఏ కథా దాన్ని మార్చలేదు.

నాటకం రెండు రోజులు. మొదటి రోజు పిల్లలకు, రెండో రోజు తల్లిదండ్రులకు. రెండు రోజులూ నేను వెనక గోడ దగ్గర, బ్యాగులు పట్టుకున్న మిగతా పనివాళ్లతో నిలబడ్డాను. మొదటి రోజు పాప నడుము మీద చెయ్యి పెట్టి చప్పట్లు కొట్టింది. నీలం చొక్కా వేసుకున్న పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి గింజలు పారబోసి జారి పడింది. హాలంతా నవ్వు. నా పక్కన నిలబడిన గోదావరి అమ్మాయి కూడా పడీ పడీ నవ్వింది.

"నీకు నవ్వెట్లొచ్చింది?" అన్నాను.

"అచ్చం మా ఇంట్లో నేనే అండి బాబూ" అంది కళ్లు తుడుచుకుంటూ. "నిన్న పొద్దున్న టీ ట్రేతో ఇలాగే పడ్డాను. మా మామా అయితే ఒక్కటంటే ఒక్క నవ్వు నవ్వలేదండి."

ఆమెతో గొడవ పడలేకపోయాను. ఆ రోజు సాయంత్రం మాత్రం పాపను కూర్చోబెట్టి అడిగాను. "నువ్వు నాకు మెతుకు పెట్టేదానివి, గుర్తుందా?"

"గుర్తుంది."

"బొమ్మకు ఎందుకు పెట్టవు మరి?"

 పాప లేచి తన గదిలోకి పోయింది.

రెండో రోజు తల్లిదండ్రులు నిండారు. మామా ముందు వరుసలో. పాప వచ్చింది, చప్పట్లు కొట్టింది, బొమ్మ వచ్చింది, పడింది, నవ్వారు. ఈసారి బొమ్మ లేచి గింజలన్నీ ఏరి బుట్టలో పోసింది. అప్పుడు పాప జేబులో నుంచి రొట్టె ముక్క తీసింది. టీచరమ్మకు తెలియదు, ఆమె తెర పక్క నుంచి కంగారుగా చూసింది. బొమ్మ వేషం పిల్లకూ తెలియదు. పాప ఆ ముక్కను దాని నోటికి అందించి, తల నిమిరి, "బాగా పని చేశావు" అంది.

హాలు హాలంతా లేచి చప్పట్లు. టీచరమ్మ తెలివైన మనిషి, వెంటనే వేదిక మీదికి వచ్చి, మన ఇళ్లలో పని చేసే వాళ్లకు కృతజ్ఞత చెప్పాలని ఈ నాటకం మనకు నేర్పిందని మైకులో చెప్పింది. ముందు వరుసల వాళ్లు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు, చూసి నవ్వారు. పిల్లలు వచ్చి గోడ దగ్గరున్న మాకు ఒక్కొక్క చాక్లెట్ పంచారు. మామా దూరం నుంచే నా వైపు చెయ్యి ఊపింది. చూశావా, పెట్టింది కదా, ఇంక సంతోషమేనా అని ఆ చెయ్యి.

నాకు సంతోషం కాలేదు. మొదటి రోజున్న కోపం ఒకటికి నాలుగింతలయింది. మొదటి రోజు ముద్ద లేదు, అంతే. లేనిదాన్ని అడగవచ్చు. ఈ రోజు ముద్ద ఉంది, అందరూ చూశారు, చప్పట్లు కొట్టారు. ఇక నేను నోరు తెరిస్తే, పెట్టినా ఏడుస్తుంది అంటారు. పని అయ్యాక, గింజ మిగలకుండా ఏరాక, మెచ్చుకుని పెట్టిన ముక్క అది. కథలో ఆ పిల్ల తన ఆకలి చంపుకుని, పని అవుతుందో లేదో తెలియకుండానే పెడుతుంది. ఇది వేరు, అది వేరు. ఈ వేరును ఆ హాలులో ఎవరికి చెప్పేది, ఏ భాషలో చెప్పేది?

కారులో పాప నా పక్కన కూర్చుంది. బుగ్గలకు రంగు ఇంకా ఉంది. మామా తన కారులో వెనక వస్తోంది.

"అక్కా, పెట్టాను కదా. నీ కోసమే పెట్టాను. టీచర్‌కు కూడా చెప్పలేదు."

ఆ మాట నాకు తీపిగానే ఉంది. అబద్ధమాడను. కానీ మెచ్చుకోలేకపోయాను.

"పని అయ్యాక పెట్టావు."

"అయితే ఏం? పెట్టాను కదా."

"ముందు పెట్టాలి. అది తిన్నాక నీ కష్టం చెప్పుకోవాలి. చేస్తానని బొమ్మ అనాలి. మా ఊళ్లో మా అమ్మ అట్లాగే పెట్టేది. తినకముందు ఎవరికీ పని చెప్పేది కాదు."

పాప నుదురు ముడిచి ఆలోచించింది. చిన్నప్పటి నుంచి ఏదైనా లెక్క తేలకపోతే అట్లాగే ముడుస్తుంది. నాకు ఆశ పుట్టింది. ఇంకొంచెం అయితే తేలుతుందనిపించింది. అప్పుడు పాప అడిగింది.

"ముందే తినేసి, తర్వాత పని చేయకపోతే?"

అది పాప గొంతే. కానీ ఆ ప్రశ్న పాపది కాదు. నా పాస్‌పోర్టు అలమరాలో పెట్టి తాళం వేసిన రోజు మామా తన తల్లితో అన్నది, నేను గుమ్మం బయట నిలబడి విన్నది, ఇదే.

"చేయకపోతే నువ్వే ఏరుకో" అన్నాను.

పాప ముఖం ఎర్రబడింది. ఆ పిల్లతో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, కళ్లలో నీళ్లు. నేను ఊరడించలేదు. చెయ్యి దాని తల మీదికి పోబోతే నా ఒళ్లోకి లాక్కున్నాను.

డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు. "అక్కా, ఇంటికి పోతానే మామాకు జెప్తాది ఈ పిల్ల" అన్నాడు తెలుగులో, మెల్లగా.

"చెప్పనీ" అన్నాను. "ఎట్ల జెప్పినా, ముద్ద ముందు పెట్టాల్నని నేనన్న మాట గూడా ఆ నోటితోనే చెప్పాల్సిందే గదా."